పరులపై నేరము మోపుట — చట్టము చెప్పునది

2018వ సంవత్సరము మే మాసమున తెలంగాణమందలి పల్లెలలో ఒక వదంతి బయలుదేరెను. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు పరరాష్ట్రముల నుండి వచ్చియున్నవనియు, వారు పసివారిని చంపి అవయవములు తీసికొనుచున్నారనియు, వారి ఛాయాచిత్రములు ఇవియే యనియు చెప్పు సందేశములు సెల్‌ఫోనులలో ఒకరి నుండి యొకరికి నడచినవి. వానితో కూడ కొన్ని చలనచిత్రపు తునకలును వచ్చినవి. ఆ కాలమున దేశమంతట తిరిగిన అట్టి తునకలలో నొకటి, కరాచీ నగరమున పిల్లల భద్రతను గూర్చి ప్రజలకు బోధించుటకై తీసిన ప్రచార చిత్రము నుండి కత్తిరించినది. తుదిని ఆ పిల్లవానిని తిరిగి యప్పగించు దృశ్యమును ఎవరో తొలగించి, మిగిలినదానిని నిజమైన అపహరణముగా చూపిరి.

ఎండకాలమున ఆరుబయట మంచములు వేసికొని నిద్రించు జనులు తలుపులు బిగించుకొని లోపలనే యుండిరి. యువకులు కఱ్ఱలు చేబూని రాత్రులు కావలి కాచిరి. ఆ నెలలోనే, పూర్వపు నల్లగొండ జిల్లాలోనిదియు నేటి యాదాద్రి భువనగిరి జిల్లాకు చేరినదియు నగు బీబీనగరు మండలమున ఒక ఆటో డ్రైవరును పిల్లల దొంగ యని యనుమానించి గుంపుగా కొట్టి చంపిరి. హైదరాబాదు పాతబస్తీలో చాంద్రాయణగుట్ట యొద్ద భిక్షమునకు వచ్చిన ఒక హిజ్రా అదే యనుమానముచే జనుల చేతిలో ప్రాణము కోల్పోయెను. చనిపోయిన వా రెవరును ఏ బిడ్డను ఎత్తుకొనిపోలేదు.

మన ఆత్మకూరునకు కృష్ణానది ఆవలి యొడ్డున నున్న జోగులాంబ గద్వాల జిల్లాలోను ఇదే భయము ప్రబలెను. అప్పటి జిల్లా పోలీసు అధికారిణి శ్రీమతి రెమా రాజేశ్వరి గారు కానిస్టేబులులను ఒక్కొక్కరికి కొన్ని గ్రామముల చొప్పున పంచి, ఇంటింటికిని పంపి, ఫోనులో వచ్చినదెల్ల నిజము కాదని చెప్పించిరి. దప్పు వాయించువారిని, పాటలు పాడువారిని వెంట పంపిరి. నాలుగు వందలకు పైబడిన ఆ గ్రామములలో వదంతి కారణమున ఒక్క ప్రాణమైనను పోలేదు. చదువరులు గమనింపవలసిన దేమనగా, ఇచట తుపాకి గాని లాఠీ గాని పనిచేయలేదు. మన తాతల కాలపు దండోరాయే క్రొత్త యంత్రమునకు విరుగుడైనది.

ఆ సందేశములను పంపిన వారిలో పెక్కుమంది తామొక హత్యకు తోడ్పడుచున్నామని తలచి యుండరు. పొరుగువారికి మేలు చేయుచున్నామనియే వారి యూహ. కావుననే ఒకరిపై ఘోరమైన నేరమును బహిరంగముగా మోపుటను గూర్చి చట్టము ఏమి చెప్పుచున్నదో మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలియజెప్పుట మంచిదని మేము తలంచితిమి. నేడు ఇంటింట ఫోను గలదు. పూర్వము పత్రికా సంపాదకులకు మాత్రమే యుండిన శక్తి నేడు ఎనిమిదవ తరగతి బాలుని చేతిలోను గలదు. ఆ శక్తితో పాటు ఆ సంపాదకులపై నుండిన బాధ్యతయు వచ్చినదని మాత్రము ఎవరును ఆ బాలునకు చెప్పలేదు.

ఆ వదంతిలో ముఠా పేరుగా చెప్పబడినది పార్థీ యను సంచార జాతి పేరు. ఆంగ్ల ప్రభుత్వము 1871లో నేరస్థ తెగల చట్టమును చేసి, ఇట్టి యనేక జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసెను. తెలుగు దేశమున ఎరుకలవారు మొదలగు వారును ఆ చట్టము క్రిందికి వచ్చిరి. బాపట్ల యొద్ద స్టూవర్టుపురము అట్టివారిని ఉంచుటకై 1910ల దశకమున ఏర్పడిన స్థలము. సాల్వేషన్ ఆర్మీ మిషనువారు దాని నిర్వహణమును చూచిరి. స్వాతంత్ర్యానంతరము 1952లో ఆ చట్టము రద్దయ్యెను. చట్టము పోయి ఏడు పదుల యేండ్లు దాటినను, ఆ యూరి పేరు చెప్పిన పిమ్మట ఉద్యోగము దొరకుట కష్టమని అచటివారు చెప్పుకొను రోజులు చిరకాలము సాగినవి. వ్రాతలో ఒకసారి మోపిన నింద రద్దు వ్రాతతో చెరిగిపోదు.

ఇక చట్టము సంగతి. మన దేశమున పరువు నష్టము నేరముగా భారత శిక్షాస్మృతిలో 499, 500 సెక్షనులలో ఉండెను. మెకాలే ప్రభువు అధ్యక్షుడుగా గల సంఘము 1837లో దాని చిత్తును సిద్ధపఱచగా 1860లో అది చట్టమయ్యెను. నిజాము రాజ్యమున వేరొక శిక్షాస్మృతి నడచినది. అమరచింత సంస్థానమునకు ముఖ్యపట్టణమగు మన ఆత్మకూరునకును అంతే. 1951లో భారత శిక్షాస్మృతి ఈ ప్రాంతమునకును వర్తించినది. 2024 జూలై 1వ తేదీ నుండి దాని స్థానమున భారత న్యాయ సంహిత వచ్చెను. అందు 356వ సెక్షను ఈ విషయమును చెప్పును. శిక్ష రెండేండ్ల వరకు సాధారణ ఖైదు, లేదా జరిమానా, లేదా రెండును. వీనికి బదులుగా సమాజ సేవ చేయుమని విధించుటకును క్రొత్త చట్టము వీలు కల్పించినది.

ఈ సెక్షనునకు తోడుగా చట్టమునందే ఇచ్చిన ఉదాహరణములు మిక్కిలి చమత్కారమైనవి. బడిపిల్లలకు సులభముగా తెలియునట్టివి. అవి 1860 నుండియు నున్నవి, క్రొత్త సంహితలోను నిలిచినవి. ఒకని గడియారము పోయినది. ఎవరు తీసిరని యడుగగా, మఱొకడు ఏమియు పలుకక ఒక మనుష్యుని వైపు వ్రేలు చూపెను. అది పరువు నష్టమే. వేఱొకడు "అతడు మిక్కిలి యోగ్యుడు, ఆ గడియారమును అతడు తీయనే తీయలేదు" అని, వినువారికి దానికి విరుద్ధముగా తోచునట్లు, ఎత్తిపొడుపుగా పలికెను. అదియు పరువు నష్టమే. ఇంకొకడు ఆ మనుష్యుడు గడియారముతో పరుగెత్తుచున్నట్లు బొమ్మ వ్రాసెను. అదియు నంతే. ఫోనులో ఒకరి ఛాయాచిత్రమునకు ఎఱ్ఱ గీత చుట్టి బాణము గుఱుతు పెట్టుట, నవ్వు బొమ్మ తగిలించుట, "ఇతడు చాల మంచివాడు సుమా" యని వ్రాయుట – ఇవన్నియు క్రొత్త తెలివితేటలని మన బాలురు అనుకొనవచ్చును. దాదాపు రెండు వందల యేండ్ల క్రిందటనే చట్టము వ్రాసినవారు వీనిని ఊహించి యుంచిరి.

మన భాషలో "అట" యని యొక చిన్న ప్రత్యయము కలదు. "దొంగతనము చేసినాడట" అనినచో, నేను చూడలేదు, ఎవరో చెప్పగా వింటిని అని యర్థము. ఇంత సొగసైన తప్పించుకొను మాట ఇతర భాషలలో సులభముగా దొరకదు. అరుగులమీద దానికి మర్యాద కలదేమో గాని, న్యాయస్థానమున లేదు. విన్న నిందను తిరిగి చెప్పువాడును దానిని ప్రకటించినవాడే యగును. "ఇతడు హంతకుడా?" అని ప్రశ్నార్థకము పెట్టినను అంతే. పేరు చెప్పకపోయినను అంతే. బజారులో ఫలాని మేడ గల వ్యాపారి యనగానే ఊరివారందఱికిని ఆ మనుష్యుడు తెలిసినచో, పేరు వ్రాయనందువలన లాభము లేదు. ఒక వ్యక్తియే కాదు, ఒక సంఘమును, ఒక వ్యాపార సంస్థను, మృతుడైన వానిని గూర్చి పలికినను ఆ సెక్షను క్రిందికి రావచ్చును.

"నేను వ్రాయలేదు, వచ్చినదానిని ముందుకు పంపితిని" అను మాట మనము తఱచుగా వినుచుందుము. మద్రాసు ఉన్నత న్యాయస్థానము 2023 జూలైలో ఇట్టి వాదమునే విని త్రోసిపుచ్చెను. సినిమా నటుడును రాజకీయ నాయకుడును అయిన యొకరు 2018లో స్త్రీ పాత్రికేయులను కించపఱచు వ్రాతను తాను చదువకయే పంపితినని చెప్పిరి. తొలగించితిననియు, క్షమాపణ కోరితిననియు చెప్పిరి. అయినను కేసు కొట్టివేయుటకు న్యాయస్థానము అంగీకరింపలేదు. పంపినవాడు అందలి విషయమునకు బాధ్యుడే యని దాని భావము. సుప్రీం కోర్టును ఆ యేటనే జోక్యము చేసికొనుటకు నిరాకరించెను. అయితే ఒక సంగతి చెప్పవలెను: వాట్సాప్ సమూహమునకు నిర్వాహకుడైనంత మాత్రమున, ఇతరులు వ్రాసినదానికి అతడు నేరస్థుడు కాడని బొంబాయి ఉన్నత న్యాయస్థానము 2021లోను, కేరళ ఉన్నత న్యాయస్థానము 2022లోను చెప్పినవి. మన యుపాధ్యాయులలో తరగతి సమూహములను నడుపువారికి ఇది కొంత ఊఱట.

మఱి నిజముగా అన్యాయము జరిగినచో నోరు మూసికొని యుండవలెనా? కాదు. ఇచటనే అసలు విషయము కలదు. ఒక దృష్టాంతము తీసికొందము. జూరాల కాలువ క్రింద ఒక రైతు పొలములో మోటారు పోయినదనుకొనుడు. ముందునాటి రాత్రి ప్రక్క పొలమువాడు ఆ దారిని బండితో పోవుట అతడు చూచెను. తెల్లవాఱిన పిమ్మట అతడు పోలీసు స్టేషనునకు పోయి, "నా మోటారు పోయినది. రాత్రి ఫలాని వానిని ఆ దారిలో చూచితిని. నాకు అతనిపై అనుమానము" అని వ్రాసి యిచ్చెను. విచారణలో ప్రక్క పొలమువాడు నిర్దోషి యని తేలినను రైతుకు భయము లేదు. సద్భావముతో, అధికారము గలవాని యెదుట చేసిన ఆరోపణము పరువు నష్టము కాదని చట్టము స్పష్టముగా మినహాయించినది. ఆ రైతే స్టేషనునకు పోవుటకు మాఱుగా, ఆ మనుష్యుని ఛాయాచిత్రమును ఊరి వాట్సాప్ సమూహములో పెట్టి "వీడే మోటారు దొంగ" యని వ్రాసినచో, అదే యనుమానము, అదే మనుష్యుడు, దాదాపు అవే మాటలు. కాని ఇప్పుడు నేరము చేసినవాడు రైతే కావచ్చును. ఫిర్యాదునకును నిందకును భేదము మాటలో కంటె అది పలికిన చోటులోను, పలికినవాని జాగ్రత్తలోను ఎక్కువగా కలదు.

సద్భావమనగా మంచి మనస్సు మాత్రమే యని యనుకొనరాదు. తగిన జాగ్రత్తయు శ్రద్ధయు లేక చేసినది సద్భావముతో చేసినది కాదని చట్టమే నిర్వచించినది. ఆ రైతు చూచినంత వఱకు చెప్పవలెను, చూడనిదానిని కలుపరాదు. ఆ సెక్షనునకు పది మినహాయింపులు కలవు. వానిలో ఒకదానిని మా సహోపాధ్యాయులు సంతోషముతో చదువుదురు: తండ్రి నుండి అధికారము పొందిన గురువు తోటి విద్యార్థుల యెదుట ఒక విద్యార్థిని సద్భావముతో మందలించినచో అది పరువు నష్టము కాదు. మఱియొకటి విద్యార్థులకు పనికివచ్చునది: ఒక పిల్లవాని నడతను గూర్చి అతని తండ్రికి సద్భావముతో చెప్పుట తప్పు కాదు. దుకాణదారుడు తన గుమాస్తాతో "ఫలానివానికి అరువు ఇయ్యవద్దు, నాకు నమ్మకము లేదు" అనుటయు తప్పు కాదు. అదే మాటను బోర్డుమీద వ్రాసి దుకాణము ముందు వ్రేలాడదీసినచో సంగతి మాఱును.

సత్యము పలుకుట అన్నిటికంటె పెద్ద రక్షణము గదా యని కొందఱందురు. కొంతవఱకు నిజమే. సివిలు దావాలో చెప్పినది సత్యమని ఋజువు చేసినచో అదియే చాలును. క్రిమినలు కేసులో సత్యమై యుండుట మాత్రమే చాలదు, దానిని ప్రకటించుట ప్రజాహితమునకై యుండవలెను. ఇందు తుది మాట ఒకటి గలదు. సత్యమని ఋజువు చేయు భారము చెప్పినవానిదే. "ఊరంతయు అనుకొనుచున్నది" యనుట ఋజువు కాదు. ఊరంతయు అనుకొనుట ఎట్టి ప్రమాదకరమైన సాక్ష్యమో 2018 మే నెలలో చూచితిమి.

అధికారి యెదుట చేసిన ఫిర్యాదునకు రక్షణ కలదనగా, అచట అబద్ధమాడవచ్చునని కాదు. న్యాయమైన ఆధారము లేదని తెలిసియు, ఇతరునికి హాని చేయవలెనను తలంపుతో తప్పుడు నేరము మోపినవానికి 248వ సెక్షను క్రింద ఐదేండ్ల వఱకు ఖైదు, లేదా రెండు లక్షల రూపాయల వఱకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. మరణశిక్షకో, యావజ్జీవ ఖైదుకో, పదేండ్లకు తక్కువ గాని ఖైదుకో గురియగు ఘోరనేరమును అబద్ధముగా మోపి కేసు నడిపించినచో, శిక్ష పదేండ్ల వఱకు పెరుగును. మోపిన నేరము ఎంత పెద్దదో, మోపినవానికి ముప్పు అంత పెద్దది.

మన మిషను బడిలో వేదపాఠము చదివినవారికి ఈ కొలత క్రొత్తది కాదు. ద్వితీయోపదేశకాండము పందొమ్మిదవ అధ్యాయమున మోషే ధర్మశాస్త్రము అబద్ధసాక్షికి విధించినది ఇదియే: తన సహోదరునకు వాడు ఏమి చేయదలచెనో అదియే వానికి చేయవలెను. రాజుల మొదటి గ్రంథమున నాబోతు కథను మన విద్యార్థు లెఱుగుదురు. అహాబు రాజునకు ద్రాక్షతోట కావలెను. నాబోతు పిత్రార్జితమును అమ్మడు. యెజెబెలు రాణి సేనను పంపలేదు, విషము పెట్టలేదు. పెద్దలకు ఉత్తరములు వ్రాసెను, ఇద్దఱు సాక్షులను కూర్చెను, దేవుని రాజును దూషించెనను నేరమును జనుల యెదుట మోపించెను. తక్కిన పనిని జనులే రాళ్లతో చేసిరి. ఆ కథలో న్యాయవిధానము పైకి సక్రమముగానే నడచినట్లు కనబడుటయే మాకు భయంకరముగా తోచును. పట్టణము వెలుపల రాళ్లు విసరిన వారిలో ఎంతమంది ఆ నేరమును నిజమని నమ్మిరో!

"స్టేషనులో మా మాట వినరు, అందువలననే ఫోనులో పెట్టితిమి" అని చెప్పువారు కలరు. ఆ మాటలో బాధ కలదు, నిజమును కలదు. దానిని త్రోసిపుచ్చుట మాకు ఇష్టము లేదు. కాని చట్టము ఆ యడ్డంకిని ముందే చూచినది. భారత నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ననుసరించి, నేరము ఏ ప్రాంతమున జరిగినను ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు ఇయ్యవచ్చును. నమోదైన ఫిర్యాదు ప్రతిని ఉచితముగా ఇయ్యవలెను. స్టేషను అధికారి నిరాకరించినచో, ఫిర్యాదును వ్రాసి తపాలా ద్వారా జిల్లా ఎస్.పి. గారికి పంపవచ్చును. అచటను పని జరుగనిచో మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును. తపాలా రసీదును దాచుకొనుట మఱువరాదు.

ప్రజాహితమునకై తప్పును వెల్లడించుటయు మన దేశమున గొప్ప సంప్రదాయమే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో స్థాపించిన "వివేకవర్ధని" పత్రికలో కచేరీలలోని లంచగొండితనమును నిర్భయముగా బయటపెట్టిరి. అట్టి పనికి చట్టము అడ్డు కాదు. కాని పత్రికలో వ్రాసినవాడు తన పేరు పెట్టి, ఆధారము సేకరించి, అడిగిన నాడు బోనెక్కుటకు సిద్ధపడి వ్రాయును.

ఇటీవలి తెలుగు వారి కేసులలో ఒకటి పెద్దలు గుర్తించియుందురు. 2020లో ఆంధ్ర ప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము ప్రభుత్వమునకు ప్రతికూలముగా కొన్ని తీర్పులిచ్చిన పిమ్మట, న్యాయమూర్తులకు కులాభిమానమును, అవినీతిని అంటగట్టుచు సామాజిక మాధ్యమములలో అనేకులు వ్రాసిరి. 2020 అక్టోబరు 12న ఆ న్యాయస్థానము దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించెను. నవంబరు 11న సి.బి.ఐ. 16 మందిపై కేసు నమోదు చేసెను. వారిలో కొందఱు పరదేశములందుండిరి. మరుసటి యేట అరెస్టయినవారిలో ఒకరు కువైటు నుండి తిరిగివచ్చినవారు. పాలమూరు జిల్లా నుండి గల్ఫు దేశములకు పోయిన కుటుంబములు మనలో తక్కువ కాదు. సముద్రము దాటినంత మాత్రమున వ్రాత దాటిపోదు.

సమాచార సాంకేతిక చట్టములోని 66ఎ సెక్షనును సుప్రీం కోర్టు 2015 మార్చి 24న కొట్టివేసినది గనుక ఇక ఏమి వ్రాసినను ఫరవాలేదని యొక యభిప్రాయము యువకులలో కలదు. ఆ సెక్షను పోయినది నిజమే. అది మిక్కిలి అస్పష్టమైనదని, భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని ఆ తీర్పు సారాంశము. కాని పరువు నష్టమును నేరముగా నుంచుట రాజ్యాంగసమ్మతమేనని అదే సుప్రీం కోర్టు 2016 మే 13న తీర్పు చెప్పినది. దానికి తోడు, ప్రజలలో భయమును కలహమును పుట్టించు అబద్ధపు వదంతులను వ్యాపింపజేసినవారికి సంహితలోని 353వ సెక్షను క్రింద మూడేండ్ల వఱకు ఖైదు విధింపవచ్చును. జాతి, కులము, భాష, పుట్టిన చోటు మొదలగు కారణములచే ఐదుగురు గాని అంతకంటె ఎక్కువమంది గాని గుంపుగూడి ఒకనిని చంపినచో, వారిలో ప్రతివాడును మరణశిక్షకో యావజ్జీవ ఖైదుకో పాత్రుడగును. ఇది 2024లో వచ్చిన క్రొత్త యేర్పాటు.

నిందితుడు, దోషి – ఈ రెండు మాటలను మన వార్తాపత్రికలే కలగలుపుచున్నవి. నిందితుడనగా నింద మోపబడినవాడు. న్యాయస్థానము తేల్చిన పిమ్మటనే దోషి. ఈ భేదమెంత విలువైనదో చెప్పుటకు విజయవాడ సమీపమున 2007 డిసెంబరులో వసతిగృహమున జరిగిన విద్యార్థిని హత్య కేసు చాలును. ఒక పేద యువకుని 2008లో అరెస్టు చేసిరి. 2010లో మహిళా న్యాయస్థానము శిక్ష విధించెను. 2017 మార్చి 31న ఉన్నత న్యాయస్థానము అతడు నిర్దోషి యని విడుదల చేసి, లక్ష రూపాయల పరిహారమును ఇప్పించెను. ఎనిమిదేండ్లకు పైగా అతడు చెరలో నుండెను. అంతరిక్ష శాస్త్రజ్ఞుడు శ్రీ నంబి నారాయణన్ గారిని 1994లో గూఢచారి యని అరెస్టు చేసినప్పుడు పత్రికలు నెలల తరబడి కథలల్లినవి. ఆ కేసు అబద్ధమని 1996లో సి.బి.ఐ. తేల్చెను. 2018 సెప్టెంబరు 14న సుప్రీం కోర్టు ఏబది లక్షల రూపాయల పరిహారమును విధించెను. సాక్షులను ప్రశ్నించి, పత్రములను పరిశీలించి, ఇరుపక్షముల వాదములు వినిన న్యాయస్థానములే పొరపడి దిద్దుకొనుచుండగా, ఒక ఛాయాచిత్రమును అరక్షణము చూచి తీర్పు చెప్పు మన బొటనవ్రేలి సంగతి వేరుగా చెప్పవలెనా?

తల్లిదండ్రులకు కొన్ని మాటలు. పిల్లవాని చేతిలోని ఫోను నంబరు సాధారణముగా తండ్రి పేరనో తల్లి పేరనో యుండును. కావున పోలీసువారు మొదట తట్టునది మీ తలుపే. పదునెనిమిదేండ్లు నిండని బాలుడు నేరము చేసినచో 2015 నాటి బాల న్యాయ చట్టము ననుసరించి బాల న్యాయ మండలి యెదుటికి పోవును. పరువు నష్టపు నేరమున పోలీసులు తమంతట తాము వారెంటు లేక అరెస్టు చేయరు. నష్టపడినవాడు మేజిస్ట్రేటు నొద్ద ఫిర్యాదు చేయవలెను. దానికి మూడేండ్ల గడువు కలదు. పరిహారము కొఱకు సివిలు దావా వేయుటకు ఒక సంవత్సరము. సందేశమును తుడిచివేసినంత మాత్రమున అది పోదు. అది చేరిన ప్రతి ఫోనులోను నిలిచియుండవచ్చును, తగిన ధ్రువపత్రముతో దాని ప్రతిని సాక్ష్యముగా చూపవచ్చును.

లైంగిక దాడికి గురియైన వారి పేరును, ఛాయాచిత్రమును, వారిని గుర్తుపట్టుటకు వీలగు వివరములను ప్రకటించుట ప్రత్యేకమైన నేరము. దీనికి రెండేండ్ల వఱకు ఖైదు కలదు. సానుభూతితో పెట్టినను, దోషిని శిక్షింపుడని కోరుచు పెట్టినను భేదము లేదు. బాలల విషయమున 2012 నాటి పోక్సో చట్టమును దీనిని నిషేధించినది.

ఇంతవఱకు చెప్పినదానిని చదివి ఏ బాలుడైనను బాలికయైనను, తనకు జరిగిన చెడును చెప్పిన శిక్ష పడునేమో యని భయపడరాదు. పోక్సో చట్టము ననుసరించి, బాలలపై ఇట్టి నేరము జరిగినదని తెలిసిన పెద్దవాడు పోలీసులకు తెలుపక యుండుటయే నేరము. సద్భావముతో తెలిపినవానిపై ఏ కేసును ఉండదు. పగతో అబద్ధపు ఫిర్యాదు చేసిన పెద్దలకు శిక్ష కలదు. ఫిర్యాదు చేసినది బాలలే యైనచో, అది తప్పని తేలినను వారికి ఏ శిక్షయు విధింపరాదని చట్టము విడిగా వ్రాసియున్నది. ఇంట చెప్పుకొనుటకు వీలుకానిది తరగతి యుపాధ్యాయునితో చెప్పవచ్చును. ఎవరితోను చెప్పలేనిచో 1098 అను నంబరునకు ఏ ఫోను నుండియైనను, పగలైనను రాత్రియైనను, పైసా ఖర్చు లేక మాటలాడవచ్చును.